బిల్లు పాసయింది, డబ్బు పడలేదు

బడ్జెట్ రోజు హడావుడి మనకు అలవాటే. పొద్దున్నే ఆర్థిక మంత్రి ఇంట్లో పూజ, బడ్జెట్ ప్రతితో ముఖ్యమంత్రి దగ్గర ఫొటో, మంత్రివర్గ ఆమోదం, ఆపైన సభలో సుదీర్ఘ ప్రసంగం. మర్నాడు పత్రికల్లో రూపాయి రాక, రూపాయి పోక బొమ్మలు. 2025-26కు ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ 3.22 లక్షల కోట్లు, తెలంగాణది దాదాపు 3.05 లక్షల కోట్లు అని పెద్దక్షరాలు. వారం తిరిగేసరికి అంతా మరిచిపోతాం. అసలు కథ మొదలయ్యేది అక్కడే. సభ ఆమోదించిన లక్షల కోట్లలో ఏ రూపాయి ఎప్పుడు బయటికి రావాలో, ఎవరిది ముందో ఎవరిది వెనకో ఏడాది పొడవునా రోజూ తేలేది ఖజానాలో. ఆ తేల్చడం ఎలా జరుగుతోందో మనకే కాదు, పద్దులు ఆమోదించిన శాసనసభ్యులకూ తెలియదు.

రాష్ట్రానికి వచ్చే పన్నులు, తెచ్చిన అప్పులు, తిరిగొచ్చిన బాకీలు అన్నీ సంచిత నిధిలో చేరాలని రాజ్యాంగం 266వ అధికరణం చెబుతుంది. అందులోంచి పైసా తియ్యాలన్నా సభ ద్రవ్య వినిమయ బిల్లును ఆమోదించాలని 204వ అధికరణం అంటుంది. అయితే ఆ ఆమోదంతో వచ్చేది ఖర్చుపెట్టే అధికారమే. ఖర్చుపెట్టి తీరాలన్న నిర్బంధం ఎక్కడా లేదు. పద్దు కింద వంద కోట్లు రాసి పది కోట్లే విడుదల చేసినా ఆర్థిక మంత్రి ఏ చట్టాన్నీ మీరినట్టు కాదు. తెలంగాణలో 2022-23 బడ్జెట్‌లో దళితబంధుకు 17,700 కోట్లు పెట్టారు, మరుసటి ఏడాదీ అంతే పెట్టారు. అందులో అత్యధిక భాగం ఖజానా గడప దాటనే లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఒక చిన్న బిల్లు నడిచే దారి చూద్దాం. మండలంలో ఒక ప్రభుత్వ బడికి ప్రహరీ గోడ కట్టారనుకోండి. ఏఈ కొలతలు తీసి ఎం-బుక్‌లో ఎక్కిస్తాడు, డీఈ సరిచూస్తాడు, బిల్లు తయారై ట్రెజరీకో పే అండ్ అకౌంట్స్ ఆఫీసుకో చేరుతుంది. వెనకటి రోజుల్లో అక్కడ టోకెన్ నంబరు పడేది. అకౌంటెంటు ఎర్ర సిరాతో అభ్యంతరం రాసి తిప్పి పంపేవాడు, లేదంటే పాస్ చేసేవాడు. పాసయితే పని అయిపోయినట్టే, బ్యాంకుకెళ్లి డబ్బు తెచ్చుకోవడమే మిగిలేది. పాత తాలూకా ఆఫీసుల్లో ఖజానా గదిని చూసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇనప కమ్మీల తలుపు, బయట తుపాకీతో కానిస్టేబులు, పెట్టెకు రెండు తాళాలు. ఆ రెండు తాళంచెవులూ ఒకరి దగ్గరే ఉండకూడదు, ఇద్దరూ వస్తేనే పెట్టె తెరుచుకోవాలి. ఎవరు ఎంత నమ్మకస్తుడైనా సరే, సర్కారు సొమ్ము దగ్గరికి ఒంటరిగా వెళ్లకూడదన్నది ఆ ఏర్పాటులోని తెలివి.

ఇప్పుడు కాగితం పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 నుంచి సీఎఫ్ఎంఎస్, తెలంగాణలో ఐఎఫ్ఎంఐఎస్ అనే ఆన్‌లైన్ ఖజానా వ్యవస్థలు వచ్చాయి. బిల్లు కంప్యూటర్లోనే పుడుతుంది, కంప్యూటర్లోనే పాసవుతుంది. ఇది మంచి మార్పే. తప్పుడు బిల్లులు, ఒకే పనికి రెండు చెల్లింపులు పట్టుకోవడం తేలికైంది. కానీ దానితోపాటు ఇంకోటి కూడా మారింది. ట్రెజరీ ఆఫీసరు పాస్ చేశాక కూడా డబ్బు కదలడం లేదు. పాసయిన బిల్లు తెర మీద ఒక వరుసలో నిలబడుతుంది. ఆ వరుసను కదిపే మీట హైదరాబాద్ సచివాలయంలోనో వెలగపూడిలోనో ఆర్థిక శాఖ చేతిలో ఉంది. ప్రహరీ గోడ కట్టిన కాంట్రాక్టరు మండలంలో ఎవరినడిగినా ఒకటే జవాబు, 'మా దగ్గర పాసయిపోయిందండీ, పైనుంచి క్లియరెన్స్ రావాలి.' ఆ 'పైన' ఎవరో, ఏ లెక్కన క్లియరెన్స్ ఇస్తారో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. రెండు తాళాల పెట్టె పోయి ఒకే తాళం పెట్టె వచ్చిందన్నమాట.

ఆర్థిక శాఖ వాదన కూడా వినాలి. ఆదాయం వచ్చే రోజులు వేరు, ఖర్చు పడే రోజులు వేరు. ఒకటో తారీఖు జీతాలు, పింఛన్లు పడాలి. కేంద్ర పన్నుల్లో వాటా వచ్చేది పదో తారీఖుకు, జీఎస్టీ రిటర్నుల గడువు ఇరవై. ఈ మధ్య కాలాన్ని నెట్టుకురావడానికి రాష్ట్రాలు రిజర్వ్ బ్యాంకు దగ్గర చేబదులు తీసుకుంటాయి. వేస్ అండ్ మీన్స్ అడ్వాన్సులంటే అవే. అన్ని రాష్ట్రాలకూ కలిపి వీటి పరిమితిని 2024 జూలై నుంచి 60,118 కోట్లకు పెంచారు. చేబదులు మీద రెపో రేటే వడ్డీ. అది దాటి ఓవర్‌డ్రాఫ్టులోకి వెళితే వడ్డీ పెరుగుతుంది. వరసగా 14 పనిదినాలకు మించి ఓవర్‌డ్రాఫ్టులో ఉంటే రిజర్వ్ బ్యాంకు ఆ రాష్ట్రం చెల్లింపులు నిలిపేస్తుంది. మూడు నెలల్లో మొత్తం మీద 36 పనిదినాలు దాటకూడదు. నాగపూర్‌లోని రిజర్వ్ బ్యాంకు సెంట్రల్ అకౌంట్స్ సెక్షన్‌లో ప్రతి రాష్ట్రం నిల్వ ఏ రోజుకారోజు తేలిపోతుంది. ఆర్థిక కార్యదర్శి పొద్దున లేచి మొదట చూసేది ఆ అంకెనే. అది చేతిలో పెట్టుకుని, వందల కోట్ల బిల్లుల మీద ఏది ఇవాళ, ఏది వచ్చే వారం అని గీతలు పెట్టడం తేలికైన పని కాదు.

చేబదులు చాలకపోతే మంగళవారం ఉంది. రాష్ట్రాల బాండ్లను రిజర్వ్ బ్యాంకు వేలం వేసేది సాధారణంగా ఆ రోజే. మంగళవారం అప్పు చేస్తే తీరదని మన పెద్దల నమ్మకం. రెండు రాష్ట్రాల సర్కార్లూ వారం వారం దాన్ని పరీక్షిస్తున్నాయి.

కేంద్రం కూడా ఒకప్పుడు ఏమంత బుద్ధిగా లేదు. 1997 దాకా ఢిల్లీ ఖజానా ఖాళీ అయితే రిజర్వ్ బ్యాంకు దానంతటదే అడ్ హాక్ ట్రెజరీ బిల్లులు తీసుకుని నోట్లు ఇచ్చేసేది. అడిగే పని లేదు, ఆగే పని లేదు. 1994లో ఆర్థిక శాఖకూ రిజర్వ్ బ్యాంకుకూ కుదిరిన ఒప్పందంతో ఈ పద్ధతికి గడువు పెట్టి, 1997 ఏప్రిల్ 1 నుంచి పూర్తిగా ఆపేశారు. అప్పటి రిజర్వ్ బ్యాంకు గవర్నరు సి. రంగరాజన్, ఆ తర్వాత మన రాజ్‌భవన్‌కు గవర్నరుగా వచ్చినాయనే. అడిగినంతా ఇచ్చే బ్యాంకు ఉన్నంతకాలం ఆర్థిక మంత్రి ఎవరికీ 'లేదు' అనాల్సిన అవసరం రాలేదు.

ఆర్థిక మంత్రి ఉద్యోగమంతా ఆ 'లేదు' అనడంలోనే ఉందని నా అభిప్రాయం. మిగతా మంత్రులందరూ ఖర్చు పెట్టేవాళ్లే. రోడ్లు, ఆసుపత్రులు, పథకాలు, ఎవరి శాఖ వారికి ముద్దు. డబ్బుతో ముడిపడిన ప్రతి ఫైలూ ఆర్థిక శాఖ అభిప్రాయానికి వెళ్లాలన్న నియమం అందుకే పెట్టారు. చెన్నారెడ్డి హయాం నుంచి వై.ఎస్. హయాం దాకా పదిహేనుకు తగ్గకుండా బడ్జెట్లు, అందులో ఏడు వరసగా ప్రవేశపెట్టిన కొణిజేటి రోశయ్యను ఇప్పటికీ తలుచుకునేది అందుకే. ఖర్చు విషయంలో చెయ్యి బిగువు, సభలో మాట చురుకు, రెండూ ఆయన దగ్గర ఉండేవి. దేశ రెండో ఆర్థిక మంత్రి జాన్ మత్తాయ్ 1950లో పదవి వదులుకున్నదీ ఇలాంటి దాని కోసమే. కొత్తగా పెట్టిన ప్రణాళికా సంఘం తన శాఖ మీద ఇంకో పెత్తనంగా తయారవుతుందని ఆయన భయం. అది సరైన భయమేనా అన్నది చరిత్రకారులు తేల్చుకోవాల్సిన సంగతి. ఖజానా మాట నెగ్గని చోట ఆర్థిక మంత్రిగా కూర్చోవడం అనవసరమని మాత్రం ఆయన అనుకున్నాడు.

'లేదు' అనేవాణ్ని ముందే పంపించేస్తే ఏమవుతుందో లండన్ 2022 సెప్టెంబరులో చూసింది. లిజ్ ట్రస్ ప్రధాని కాగానే ఆర్థిక మంత్రి క్వాసీ క్వార్టెంగ్ మొదటగా చేసిన పనుల్లో ఒకటి, ట్రెజరీ శాఖ అత్యున్నత అధికారి టామ్ స్కాలర్‌ను ఇంటికి పంపడం. 23న పన్నుల కోతలతో మినీ బడ్జెట్ వచ్చింది. స్వతంత్ర సంస్థ వేసే అంచనా లెక్కలు లేకుండానే వచ్చింది. అయిదు రోజుల్లో ప్రభుత్వ బాండ్ల బజారు కుప్పకూలకుండా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దిగాల్సి వచ్చింది. అక్టోబరు 14న క్వార్టెంగ్ పదవి పోయింది, మరికొన్నాళ్లకు ప్రధానిదీ పోయింది. గదిలో అధికారి చెప్పనివ్వని మాటను బజారు వీధిలో నిలబడి చెప్పింది.

మన రాష్ట్రాల్లో బజారు అంత తొందరగా కోప్పడదు. రాష్ట్రం బాండ్ల వెనక ఢిల్లీ ఉందన్న ధీమా కొనేవాళ్లకు ఉంది. అందుకే ఇక్కడ 'లేదు' అన్న మాట మరో దారి పడుతుంది. ముఖ్యమంత్రి పథకం ప్రకటిస్తాడు, మంత్రివర్గంలో ఆర్థిక మంత్రి తలూపుతాడు, సభ బల్లలు చరుస్తుంది. డబ్బు మాత్రం పెరగదు. ఎక్కడో ఒకచోట ఎవరికో ఒకరికి 'లేదు' అని చెప్పక తప్పదు. మంత్రివర్గంలో చెప్పని ఆ మాటను చివరికి ట్రెజరీ చెబుతుంది. అది కూడా పని ముగించి, సిమెంటు బాకీ పడి, కూలీలకు డబ్బిచ్చి, బిల్లు పెట్టుకుని కూర్చున్నవాడికి చెబుతుంది.

వరుసలో ఎవరు ముందుంటారో చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. అందరికంటే ముందు అప్పులిచ్చినవాళ్లు. వడ్డీలు, అసలు వాయిదాలు సభ ఓటుకు కూడా రావు, గడువు రోజున రాష్ట్రం ఖాతాలోంచి వెళ్లిపోతాయి. వడ్డీ కోసం ఎవరూ ధర్నా చెయ్యక్కర్లేదు. తర్వాత జీతాలు, పింఛన్లు. ఒకటో తారీఖున జీతం ఇవ్వడం కూడా ఘనకార్యంగా చెప్పుకునే రోజులొచ్చాయి. ఆ తర్వాత నేరుగా ఖాతాల్లో పడే పథకాలు, ఎందుకంటే అవి ఓట్లతో ముడిపడినవి. మిగిలింది మిగిలినవాళ్లకు. ఫీజు రీయింబర్స్‌మెంటు కోసం చూసే కాలేజీలు, ఆరోగ్యశ్రీ బిల్లుల కోసం చూసే ఆసుపత్రులు, సొంత డబ్బు పెట్టి ఊళ్లో పనులు చేయించి పదవీకాలం ముగిశాక రోడ్డెక్కిన తెలంగాణ మాజీ సర్పంచులు, చిన్న కాంట్రాక్టర్లు ఈ కోవలోకి వస్తారు. 2025లో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు ఫీజు బకాయిల కోసం తలుపులు మూసుకుని బంద్ చేస్తే గానీ కొంత సొమ్ము విడుదలకు మాట రాలేదు. బంద్ చెయ్యగలిగినవాడు వరుసలో నాలుగడుగులు ముందుకు జరిగాడు. మండలంలో ప్రహరీ గోడ కట్టినవాడు ఏం బంద్ చేస్తాడు?

ఆ కాంట్రాక్టరు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి గోడ కట్టాడు. ఏడాదికి 24 శాతం. అదే డబ్బు సర్కారు చేబదులు తీసుకుంటే రెపో రేటు, అంటే అందులో మూడో వంతు కూడా కాదు. బిల్లు ఆపడమంటే ఆ కాంట్రాక్టరు దగ్గర వడ్డీ లేకుండా, పత్రం రాయకుండా, గడువు చెప్పకుండా అప్పు తీసుకోవడమే. పైగా ఈ అప్పు ఏ లెక్కలోనూ కనపడదు. మన ప్రభుత్వ ఖాతాలు నగదు పద్ధతిలో నడుస్తాయి. డబ్బు చెల్లించిన రోజే అది ఖర్చు, చెల్లించకపోతే ఖర్చే లేదు. వెయ్యి కోట్ల బిల్లులు మార్చి 31 దాటించి ఏప్రిల్‌లోకి తోస్తే ఆ ఏడాది ద్రవ్యలోటు వెయ్యి కోట్లు తగ్గినట్టు కనిపిస్తుంది. కాగ్ ఆడిట్ చేసేది ప్రధానంగా జరిగిన చెల్లింపులను. ఆగిపోయిన వాటి పూర్తి చిత్రం అక్కడ దొరకదు.

ఈ నష్టం కాంట్రాక్టరుతో ఆగదు కూడా. ఇదివరకు టెండర్లో లెస్ వేసినవాడు ఈసారి ఎక్సెస్ వేస్తాడు, ఏడాది వడ్డీ ముందే కలుపుకుంటాడు. నిజాయితీగా పనిచేసే చిన్నవాళ్లు తప్పుకుంటారు, బిల్లు 'తెప్పించుకోగల' పెద్దవాళ్లే మిగులుతారు. వరుస కనపడని చోట మాట్లాడుకోవడాలు మొదలవుతాయని వేరే చెప్పాలా?

ఉద్యోగులకు కూడా ఈ సెగ తగిలిన సందర్భాలున్నాయి. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌లో రెండు రాష్ట్రాలూ జీతాలు, పింఛన్లలో కొంత భాగం వాయిదా వేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక విశ్రాంత జిల్లా జడ్జి హైకోర్టుకు వెళ్లారు. ఆపిన సొమ్ము 12 శాతం వడ్డీతో ఇవ్వమని హైకోర్టు చెప్పింది, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది గానీ, చేసిన పనికి జీతం హక్కేనన్న మాట నిలబెట్టింది. తెలంగాణలో ఇదే ప్రశ్న హైకోర్టులో తలెత్తితే ప్రభుత్వం 2020 జూన్‌లో ఏకంగా ఆర్డినెన్సు తెచ్చుకుంది. కరోనా కాలం కాబట్టి సర్దుకుపోయాం. కానీ ఆలస్యానికి వడ్డీ కట్టాలన్న సూత్రం జీతగాడికి వర్తించినప్పుడు గోడ కట్టినవాడికి ఎందుకు వర్తించదు?

ఖజానా ఒత్తిడి విధానం రూపంలో కూడా వస్తుంది. పదవీ విరమణ వయసు ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 61 అయింది. అనుభవజ్ఞుల సేవల గురించి చాలా మాటలు వినిపించాయి. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, సెలవు జీతం ఒక్కొక్కరికీ లక్షల్లో ఇవ్వాల్సి వచ్చే రోజు రెండు మూడేళ్లు వెనక్కి జరిగిందన్న మాట మాత్రం ఎవరూ గట్టిగా అనలేదు. ఆ గడువు 2024లో తెలంగాణకు తిరిగొచ్చింది. రిటైరైనవాళ్లు తమకు రావాల్సిన సొమ్ము కోసం ఇప్పుడు తిరుగుతున్నారు.

ఖజానాలో ఉన్నదంతా ప్రభుత్వం సొమ్ము కాదన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. సంచిత నిధి పక్కనే ప్రజా పద్దు ఒకటుంది. ఉద్యోగుల జీపీఎఫ్, డిపాజిట్లు, స్థానిక సంస్థల పీడీ ఖాతాలు అందులో ఉంటాయి. వాటికి ప్రభుత్వం కాపలాదారు మాత్రమే. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులు తమ జీపీఎఫ్ ఖాతాల్లోంచి దాదాపు 800 కోట్లు తమకు తెలియకుండా డెబిట్ అయ్యాయని గగ్గోలు పెట్టారు. సాంకేతిక పొరపాటని అధికారులు సర్దిచెప్పారు. పొరపాటే కావచ్చు. కానీ యజమానికి తెలియకుండా డబ్బు కదిలేంత వదులుగా తాళం ఉందన్నది తేలిపోయింది.

కాపలాదారు సంతకంతో ఎంత పని జరగగలదో హైదరాబాద్‌కు తెలిసినంతగా దేశంలో ఇంకెవరికీ తెలియదు. 1948 సెప్టెంబరు 17న నిజాం సేనలు లొంగిపోయాయి. ఆ రోజుల్లోనే లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న హైదరాబాద్ ప్రభుత్వం సొమ్ము 10,07,940 పౌండ్లు బ్రిటన్‌లోని పాకిస్థాన్ హైకమిషనర్ హబీబ్ ఇబ్రహీం రహీంతుల్లా పేరిట మారిపోయాయి. ఆ ఖాతా నడిపే అధికారం నిజాం ఆర్థిక మంత్రి మొయిన్ నవాజ్ జంగ్‌కు ఉండేది. ఐక్యరాజ్య సమితిలో హైదరాబాద్ మొర వినిపించడానికి వెళ్లిన బృందానికి నాయకుడూ ఆయనే. కొద్ది రోజులకే నిజాం ఆ బదిలీ తన అనుమతి లేకుండా జరిగిందని, డబ్బు వెనక్కి ఇమ్మని బ్యాంకుకు తంతి కొట్టాడు. బ్యాంకు ఎవరి మాట వినాలో తేల్చుకోలేక అక్కడే ఉంచేసింది.

తర్వాత నడిచిన వ్యవహారం కోర్టు పక్షులకు పండగ. 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్, పాకిస్థాన్ సార్వభౌమ దేశం కాబట్టి దాని మీద వ్యాజ్యం కుదరదంది. 2013లో పాకిస్థానే దావా వేసి ఆ రక్షణ తానే వదులుకుంది. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ సొమ్ము పాకిస్థాన్‌ది కాదు, నిజాం కోసం నమ్మకంగా పట్టి ఉంచినది మాత్రమేనని, ఆయన తరఫున హక్కుదారులుగా వచ్చిన భారత ప్రభుత్వానికీ నిజాం మనవలిద్దరికీ చెందుతుందనీ తేల్చింది. అప్పటికి వడ్డీతో కలిసి సుమారు మూడున్నర కోట్ల పౌండ్లయింది. సంతకానికి నిమిషం పట్టింది, దాన్ని సరిదిద్దడానికి 71 ఏళ్లు పట్టాయి. నాటి హైదరాబాద్ పెట్టెకు రెండో తాళం ఉంటే ఈ కథ నడిచేదే కాదు.

నేటి రాష్ట్రాల ఖజానాకు రెండో తాళం తామేనని ఢిల్లీ అంటుంది. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు చెయ్యాలంటే కేంద్రం అనుమతి కావాలని 293(3) అధికరణం చెబుతోంది. బడ్జెట్‌లో చూపకుండా కార్పొరేషన్ల పేరుతో తెచ్చిన అప్పులను కూడా 2022 నుంచి రాష్ట్రాల అప్పుల పరిమితిలో లెక్కిస్తున్నారు. తెలంగాణలో కాళేశ్వరం కార్పొరేషన్, ఆంధ్రప్రదేశ్‌లో స్టేట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఈ చర్చలో నలిగినవే. కేరళ దీన్ని సవాలు చేస్తే సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్ 1న రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. ఈ తగువు బడ్జెట్ అంత పాతది. 1860లో మన దేశానికి మొదటి బడ్జెట్ తెచ్చిన జేమ్స్ విల్సన్ ఆదాయ పన్ను వేస్తే, మద్రాసు గవర్నర్ చార్లెస్ ట్రెవెలియన్ పన్నులు వద్దు, ఖర్చులు తగ్గించండని తన అభ్యంతరాన్ని పత్రికలకే ఎక్కించాడు. దానికి ఆయన్ని వెనక్కి పిలిపించారు. తమాషా ఏమిటంటే, కొన్నేళ్లకు అదే ట్రెవెలియన్ కలకత్తాలో విల్సన్ కూర్చున్న కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు. అయితే ఢిల్లీ తాళం కొత్త అప్పుకే పడుతుంది. ఆపేసిన బిల్లు రూపంలో ఊళ్లో కాంట్రాక్టరు దగ్గర తీసుకునే అప్పుకు 293 అడ్డం రాదు. కేంద్రం గట్టిగా బిగించిన కొద్దీ అటువైపు ఒత్తిడి పెరుగుతుంది కూడా.

వైద్యం పెద్ద కష్టమైంది కాదు. అమెరికాలో 1982 నుంచి ప్రాంప్ట్ పేమెంట్ చట్టం ఉంది. ఫెడరల్ ప్రభుత్వం మామూలుగా 30 రోజుల్లో బిల్లు చెల్లించకపోతే, అవతలివాడు అడగకపోయినా వడ్డీ కలిపి ఇవ్వాలి. మన దగ్గర 2006 ఎంఎస్ఎంఈ చట్టం 45 రోజుల గడువు, దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అని రాసింది. దాన్ని పట్టుకుని సర్కారు మీదికి వెళ్లిన చిన్న సరఫరాదారుకు మళ్లీ ఆర్డరు వస్తుందా అన్నది ఎవరికి వారు ఊహించుకోవచ్చు. అందుకే వడ్డీ కంటే ముందు కావాల్సింది వరుస. పాసయిన ప్రతి బిల్లుకూ నంబరుంది, తేదీ ఉంది, మొత్తం ఉంది, అన్నీ సీఎఫ్ఎంఎస్‌లోనూ ఐఎఫ్ఎంఐఎస్‌లోనూ ఇప్పటికే ఉన్నాయి. ఏ తేదీన పాసయింది, ఏ తేదీన చెల్లించారు, వెనక వచ్చింది ముందెందుకు వెళ్లింది, ఈ మూడు ప్రతి వారం బయటపెడితే చాలు. అత్యవసరాలు ఉంటాయి, ఆసుపత్రికి ఆక్సిజన్ బిల్లు ప్రహరీ గోడ బిల్లు వెనక నిలబడనక్కర్లేదు. కానీ ముందుకు జరిపినప్పుడు కారణం ఒక వాక్యంలో రాయాలి. బడ్జెట్‌తో పాటు మార్చి 31 నాటికి పాసై, చెల్లించకుండా మిగిలిన బిల్లుల మొత్తాన్ని శాఖలవారీగా సభ ముందు పెట్టాలి. అప్పుడు ద్రవ్యలోటు అంకె ఎంత నిజమో సభ్యులకు తెలుస్తుంది.

వరుస బయటపెడితే అందరూ కోర్టుకెక్కుతారని అధికారులు భయపడతారు. ఇప్పుడు మాత్రం ఎక్కడం లేదా? బిల్లుల కోసం వేసిన రిట్ పిటిషన్లు రెండు హైకోర్టుల్లోనూ ఉన్నాయి. కోర్టు ఆర్డరు తెచ్చుకున్నవాడు తేనివాడి ముందు నిలబడుతున్నాడు, అదో కొత్త వరుస.

పారదర్శకత కావాలని ప్రతిపక్షంలో అందరూ అడుగుతారు. 2021 జూలైలో ఆంధ్రప్రదేశ్ ప్రజా పద్దుల సంఘం అధ్యక్షుడిగా పయ్యావుల కేశవ్, సరైన పద్ధతి పాటించకుండా దాదాపు 41 వేల కోట్ల లావాదేవీలు జరిగాయని గవర్నరుకు ఫిర్యాదు చేశారు. అవి సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చిన పుస్తక సర్దుబాట్లేనని, దుర్వినియోగం లేదని అప్పటి ఆర్థిక మంత్రి బుగ్గన రాజేంద్రనాథ్ బదులిచ్చారు. 2024 జూన్ నుంచి ఆ కుర్చీ కేశవ్‌దే. తెలంగాణలో కొత్త ప్రభుత్వం 2023 డిసెంబరులో శ్వేతపత్రం పెట్టి అప్పులు, బాధ్యతలు కలిపి 6.71 లక్షల కోట్లని చూపించింది, పాతవాళ్లు స్వేదపత్రంతో జవాబిచ్చారు. ఆ శ్వేతపత్రాన్ని సభ ముందు పెట్టిన మల్లు భట్టి విక్రమార్కే ఇప్పుడు ఖజానా చూస్తున్నారు. గత ప్రభుత్వం లెక్కలు విప్పిచూపిన ఇద్దరూ ఇవాళ తమ చేతిలో ఉన్న వరుసను కూడా విప్పిచూపగలరు. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఢిల్లీ అనుమతీ అక్కర్లేదు. ఆర్థిక శాఖ నుంచి ఒక జీవో చాలు.